కారు వెనుక ఇల్లు : నొగ బరువు సంగతి

పల్లెలో ఎడ్లబండి తోలువాడు బడిమెట్లు ఎక్కియుండకపోవచ్చును. ఐనను ధాన్యపు బస్తాలను బండికి ఎత్తునపుడు అతడు చూపు జాగ్రత్త ఇంజనీరు జాగ్రత్తకు తీసిపోదు. మొదటి బస్తాలను ఇరుసుమీద పరచును. తరువాతివానిలో కొన్నింటిని ముందునకు, కొన్నింటిని వెనుకకు సర్దును. నడుమ నడుమ నొగను చేతితో ఎత్తి చూచును. బరువు వెనుకకు మించినచో నొగ పైకి లేచి, మెడక్రింది పట్టె ఎద్దుల గొంతులను నొక్కును. ముందునకు మించినచో కాడి మెడలపై కూలబడి ఎద్దులు అడుగు వేయజాలవు. కొంచెము బరువు మాత్రమే కాడిపై నిలిచి, తక్కినదంతయు చక్రములపై నున్నపుడే బండి సుఖముగా నడచును. ఆ కొంచెము ఎంతయో బండివానికి చేతికొలతగా తెలియును.

మన పాఠశాలలవంటి బడులలో చదివిన బిడ్డలలో పలువురు నేడు ఆస్ట్రేలియాలోను, అమెరికాలోను స్థిరపడియున్నారు. వారి తల్లిదండ్రులు కొన్ని నెలలపాటు అక్కడ గడపి వచ్చుచున్నారు. ఆ దేశములలో సెలవులు వచ్చినచో కుటుంబమంతయు కారు వెనుక చక్రముల ఇంటినొకదానిని తగిలించుకొని వందల మైళ్లు తిరిగి వచ్చుట వాడుక. ఆ ఇంటిని కారవాన్ అందురు. అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ అనియు అందురు. మనవలతో వెనుక సీటులో కూర్చుండు తాతయు, నాయనమ్మయు దానిని వింతగా చూతురేగాని, ఆ బండి కారును ఏ విధముగా మార్చివేయునో ఎరుగరు. తోలు కొడుకునకును కొన్ని సమయములందు తెలియదు. దానిని గూర్చిన పుస్తకములన్నియు ఇంగ్లీషున నున్నవి. కావున ఈ విషయమును మన మాటలలో, మన బండి భాషలో, తల్లిదండ్రులకు విన్నవింపదలచితిమి.

నొగ బరువు అనగా నేమి

గుఱ్ఱములు లాగు సెలవుల బండి ఇంగ్లండున 1885లోనే కలదు. డాక్టర్ గోర్డన్ స్టేబుల్స్ అను రచయిత ఆ సంవత్సరమున "వాండరర్" అను పేర ఒక బండిని చేయించుకొని, దానియందే నివసించుచు దేశము తిరిగెను. గుఱ్ఱముల స్థానమున మోటారుకారు వచ్చిన పిదప బండి ఇరుసు నడుమకు చేరినది. నేటి కారవాన్ సాధారణముగా మన ఎడ్లబండి వంటిదే: చక్రములు నడుమ, ముందు నొగ. ఒకే ఇరుసు ఉండవచ్చును, పక్కపక్కనే రెండు ఉండవచ్చును. ఎద్దుల మెడకు బదులు కారు వెనుక ఇనుప గుండు ఒకటి బిగించియుండును. నొగ కొసనున్న కప్లింగు ఆ గుండుపై టోపీవలె కూర్చుండును. కప్లింగు ఆ గుండుపై మోపు భారమునే మేము ఈ వ్యాసమున నొగ బరువు అందుము.

నొగ బరువు ఎంత యుండవలెను? అమెరికాలో నిండుగా సర్దిన కారవాన్ బరువులో 10 నుండి 15 శాతము అని చెప్పుదురు. ఆస్ట్రేలియాలో సుమారు 10 శాతమును మంచి కొలతగా నెంచుదురు. ఇంగ్లండులోని కారవాన్లు తేలికయైనవి; అక్కడ 5 నుండి 7 శాతమే వాడుక, గుండ్లును పెక్కు కార్లపై 75 నుండి 100 కిలోల వరకే ఓర్చును. కావుననే మేము చెప్పబోవు సాధనము ఇంగ్లండున అరుదు. బరువైన కారవాన్లున్న అమెరికా, ఆస్ట్రేలియాలలోనే దాని యవసరము మెండు.

నొగ బరువు తక్కువైనచో కారవాన్ తోక ఇటునటు ఊగుట మొదలిడును. ఎక్కువైనచో కారు వెనుక భాగము కుంగును. ఊగులాట బండిని బోర్లవేయగలదు. కుంగుట కారును తోలువాని చేతిలోనుండి తప్పించగలదు. ఈ రెంటి నడుమనే క్షేమము.

కారు ఎందుకు కుంగును

మహారాష్ట్రలోను, కర్ణాటకలోను చెరకు తోలు ట్రాక్టర్లను చూచినవారికి ఈ సంగతి కొత్త కాదు. ట్రాలీ మితిమీరి నింపినపుడు, ఎత్తు ఎక్కునప్పుడు, ట్రాక్టరు ముందు చక్రములు నేలను విడిచి లేచుట మనవారు కన్నదే. ముందు చక్రములు నేలను తాకనపుడు స్టీరింగు తిప్పినను ఫలము లేదు. అందుకే ట్రాక్టరు ముక్కున ఇనుప దిమ్మెలు తగిలింతురు. కారులో అంత బాహాటముగా చక్రములు లేవవు; లోలోపల తేలికపడును. కంటికి కనబడనందున అది మరింత మోసకారి.

బరువు ఆనికకు ఎంత దూరమున నున్నదో అంత బలము చూపునను తులాదండ సూత్రమును, క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున సిరక్యూజ్ నగరవాసియైన ఆర్కిమిడీజ్ నిరూపించెను. గునపముతో బండను కదల్చు కూలివానికిని ఆ సంగతి తెలియును. ఇక లెక్క చూతము. అంకెలు సులువుగా నుండుటకై మేము ఎన్నుకొన్నవి.

కారు ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 3 మీటర్లు. వెనుక ఇరుసునుండి గుండువరకు 1.2 మీటరు. కారవాన్ మొత్తము బరువు 2400 కిలోలు. అందు పదవవంతు, అనగా 240 కిలోలు, నొగ బరువు. వెనుక ఇరుసును ఆనికగా తీసికొనుడు. 240ని 1.2తో హెచ్చించి 3తో భాగించినచో 96 వచ్చును. అనగా ముందు చక్రములపైనుండి 96 కిలోలు లేచిపోయినవి. అవి ఎక్కడికి పోయినవి? వెనుక చక్రములపైకే. నొగ బరువు 240, ముందునుండి వచ్చిన 96, రెండును కలిసి 336 కిలోలు వెనుక ఇరుసుపై పడినవి. గుండుపై వేసినదానికంటె వెనుక ఇరుసు మోయునదే ఎక్కువ!

కారును తిప్పునవి ముందు చక్రములు. బ్రేకు వేసినపుడు ఎక్కువ పని చేయునవియు అవే. వానిపైనుండి 96 కిలోలు లేచిపోయినచో, తడిరోడ్డుపై వంక తిరుగునపుడు కారు మాట వినుట తగ్గును. రాత్రివేళ ముందు దీపములు రోడ్డును విడిచి ఎదుటివాని కన్నులలో పడును. వెనుక టైర్లును, ఇరుసును తమ హద్దు దాటవచ్చును.

బరువు పంచు హిచ్ చేయు పని

కుంగుటను సరిచేయుటకై కనిపెట్టిన సాధనమే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. మనము దీనిని బరువు పంచు హిచ్ అందము. దీనియందు మూడు ముఖ్య భాగములు గలవు. మొదటిది, కారు క్రిందనున్న గట్టి పెట్టెలో దూర్చి బిగించు తల. గుండు దీనిపైననే ఉండును. రెండవది, ఆ తలనుండి వెనుకకు, నొగ క్రిందుగా పోవు రెండు స్ప్రింగు కడ్డీలు. మూడవది, ఆ కడ్డీల కొసలను నొగకు ఎత్తి కట్టు గొలుసులు, లేక కొక్కెములు.

ఒంటిచక్రపు తోపుడుబండి పిడులను మనస్సున తలచుకొనుడు. కారు వెనుక అట్టి పిడులు రెండు బిగించినట్లును, వానిని మనము పైకి ఎత్తినట్లును భావింపుడు. కారు వెనుక భాగము లేచును. ముందు చక్రములు నేలకు ఒత్తుకొనును. స్ప్రింగు కడ్డీలే ఆ పిడులు. వానిని పైకి లాగిపట్టు గొలుసులే మన చేతులు. గొలుసులు కడ్డీలను పైకి లాగునపుడు నొగను క్రిందికి నొక్కును గదా! ఆ నొక్కుడులో కొంత కారవాన్ ఇరుసుపైకి పోవును.

పై లెక్కనే ముందునకు సాగింతము. గుండునుండి కారవాన్ ఇరుసునకు 5 మీటర్లు అనుకొందము. ముందు చక్రములు పోగొట్టుకొన్న 96 కిలోలలో సగము, అనగా 48 కిలోలు, తిరిగి వచ్చునట్లు గొలుసులను బిగించినచో, సుమారు 23 కిలోలు కారవాన్ ఇరుసునకు పోవును. వెనుక ఇరుసుపై అదనముగా నున్న 336 కిలోలు 265కు దిగును. తగ్గిన 71లో 48 ముందునకు, 23 వెనుకనున్న బండికి చేరినవి. బరువు మాయము కాలేదు, పంచబడినది. ఆ పేరు దానికి తగినది.

మరి మొత్తము 96 కిలోలను తిరిగి తెచ్చిన మేలు కాదా యని అడుగవచ్చును. పూర్వము పలువురు అట్లే చేసిరి. కాని ముందు భాగమును అతిగా ఒత్తినచో వెనుక చక్రముల పట్టు ఆ మేర తగ్గును. వంకలలో కారు వెనుకభాగము జారి, కారును కారవాన్‌ను కత్తి మడచినట్లు మడచుకొను ప్రమాదము హెచ్చును. అందువలన నేడు పెక్కు కార్ల తయారీదారులు సగము మేరకే తిరిగి తెమ్మని తమ పుస్తకములలో వ్రాయుచున్నారు. కారుతో వచ్చిన పుస్తకము ఏమి చెప్పిన అదియే ప్రమాణము. పొరుగువాని అనుభవము ప్రమాణము కాదు.

ఎంచుకొనుట

దుకాణమునకు పోకముందు మూడు విషయములు తెలిసికొనవలెను.

మొదటిది: కారు ఒప్పుకొనునా? కొన్ని కార్ల తయారీదారులు ఈ హిచ్ వాడరాదని స్పష్టముగా చెప్పుదురు. వాడుమని చెప్పిన కార్లకును ఇంత బరువు వరకేయని హద్దు గలదు. గాలి స్ప్రింగులున్న కార్లకు ప్రత్యేకమైన పద్ధతి ఉండును.

రెండవది: కారవాన్ ఒప్పుకొనునా? చిన్న కారవాన్లలో కొన్నింటికి, కారు నెమ్మదించినపుడు నొగ ముందుకు తోసుకొని వచ్చి బ్రేకు వేయు ఏర్పాటు ఉండును. కడ్డీల బిగువు ఆ కదలికను అడ్డుకొనవచ్చును. కొండదారులకై చేసిన కొన్ని కప్లింగులకును ఈ హిచ్ పొసగదు. నొగ ఇనుము పలుచనైనచో గొలుసులు కట్టిన చోట వంగును.

మూడవది: నొగ బరువు నిజముగా నెంత? దుకాణమువాడు కాగితముపై చూపు బరువు ఖాళీ కారవాన్‌ది. నీరు, గ్యాసు సిలిండర్లు, వంటసామాను, పడకలు, పిల్లల బొమ్మలు చేరిన పిదప అది మారిపోవును. ప్రయాణమునకు సర్దినట్లే సర్ది తూచిన బరువును బట్టియే కడ్డీలను కొనవలెను. కడ్డీలు ఇంత నొగ బరువునకని గుర్తువేసి అమ్ముదురు. మరీ సన్ననివైన కారును లేపజాలవు. మరీ మందమైన కడ్డీలు గతుకులలో వంగక, ఆ దెబ్బనంతయు కారు చట్రమునకును నొగకును చేర్చును. గట్టిదే మంచిదను మాట ఇక్కడ చెల్లదు.

గుండు కొలతయు చూడవలెను. ఆస్ట్రేలియాలో 50 మిల్లీమీటర్ల గుండు సామాన్యము. అమెరికాలో రెండంగుళములది, రెండంగుళముల అయిదు పదహారవవంతులది మొదలగు పలు కొలతలు గలవు. పెద్ద కప్లింగు చిన్న గుండుపై కూర్చుండినట్లే కూర్చుండి, గతుకున ఎగిరిపోవును. అట్టి సమయమున బండిని కారుతో పట్టియుంచునవి రక్షణ గొలుసులు. ఇవి కడ్డీల గొలుసులు కావు, వేరు. ఒకటి ఉన్నదని రెండవది మానరాదు.

అమర్చుట

అమర్చు పనిని మొదటిసారి నేర్పరిచేత చేయించుటయే మేలు. ఐనను వరుస తెలిసియున్నచో వాడు చేయుచున్నది సరియగునో కాదో చూడగలము.

కారును, కారవాన్‌ను చదునైన నేలపై, ఒకే గీతలో నిలుపవలెను. రెంటిలోను ప్రయాణమునకు వలసిన సామాను ఉండవలెను. టైర్లలో గాలి సరిచూడవలెను. కారవాన్‌ను విడిగా నిలిపి, రసమట్టము పెట్టి చదును చేసి, కప్లింగు ఎత్తు కొలువవలెను. హిచ్ తలను ఆ ఎత్తునకు, లేక దానికి రవంత పైగా గుండు వచ్చునట్లు బిగింపవలెను. బరువు పడినపుడు అది కొంచెము దిగును గదా.

తరువాత కొలత మూడుమార్లు తీయవలెను. కొలుచు చోటు ముందు చక్రముపై మడ్‌గార్డు అంచునుండి నేలవరకు. కారవాన్ తగిలింపక ముందు 86 సెంటీమీటర్లు వచ్చినదనుకొందము. తగిలించి, కడ్డీలను కట్టక కొలిచినచో 89 వచ్చినది. అనగా ముందు భాగము 3 సెంటీమీటర్లు లేచినది. సగము తిరిగి తేవలెనని పుస్తకము చెప్పినచో, కడ్డీలను కట్టిన పిదప 87.5 సెంటీమీటర్లు రావలెను. రానిచో గొలుసులో ఒక లంకె బిగింపవలెను, లేదా హిచ్ తలను కొంచెము వెనుకకు వాల్చవలెను. రెండు ప్రక్కల లంకెలు సమానముగా నుండవలెను. చివరకు దూరముగా నిలిచి చూచినపుడు కారవాన్ చదునుగా, లేక ముక్కు రవంత వంగియుండవలెను, ముక్కెత్తి నిలువరాదు.

గొలుసులను కట్టునపుడు ఒక హెచ్చరిక. మా ఉదాహరణములోని హిచ్‌కు 75 సెంటీమీటర్ల పొడవు కడ్డీలున్నచో, సగము బరువు తిరిగి తెచ్చుటకే ఒక్కొక్క గొలుసులో 75 కిలోలకు మించిన లాగుడు ఉండును. చేతిపిడితో ఎత్తికట్టునపుడు ఆ పిడి జారినచో ఎముకలు విరుగును. కావున కప్లింగును గుండుపై పెట్టి గడియ వేసిన పిమ్మట, నొగ క్రింది జాకీతో నొగను, కారు వెనుకను కలిపి ఎత్తి, గొలుసులు వదులైన తరువాతనే కట్టవలెను. విప్పునపుడును అంతే. ముఖము పిడికి ఎదురుగా నుంచరాదు. పిల్లలను ఆ చెంతకు రానీయరాదు.

అన్నిటికంటె నమ్మదగిన సాక్షి లారీలను తూచు కాటా. కారు ముందు ఇరుసు, వెనుక ఇరుసు, కారవాన్ ఇరుసు, మూడింటిని వేరువేరుగా తూచి, కారుపైని, బండిపైని పలకలలో వ్రాసిన హద్దులతో పోల్చి చూచినచో సందేహము తీరును. కొంత దూరము పోయిన తరువాత మరల ఆగి మరలన్నిటిని బిగింపవలెను. లోతైన వాగు దిగునపుడు, నిట్రమైన మెరక ఎక్కునపుడు కడ్డీలు విప్పి దాటించవలెను. లేనిచో కడ్డీలు, నొగ, కారు చట్రము మితిమీరి వంగును.

హిచ్ చేయలేనిది

ఇక మేము చెప్పదలచిన ముఖ్య విషయమునకు వత్తుము. ఈ హిచ్ బరువును పంచునేగాని తగ్గించదు. కారు లాగగల హద్దును ఇది పెంచదు. తప్పుగా సర్దిన బండిని ఇది ఒప్పు చేయదు. కారు చదునుగా కనబడుచున్నది కావున అంతయు సరిగానున్నదను భ్రమను మాత్రము ఇది కలిగింపగలదు. ఆ భ్రమయే అపాయము.

మొదట కారు మోయు బరువును చూడుడు. నొగ బరువు కారు మోయు సామానులో భాగము. ఒక కారు 600 కిలోలు మోయుననుకొందము. నొగ బరువు 240 తీసివేసిన 360 మిగులును. తలకు 65 కిలోల చొప్పున ఐదుగురు కూర్చుండినచో 325. ఇక మిగిలినది 35 కిలోలే! భారతదేశమునుండి వచ్చిన తాతయు నాయనమ్మయు కారెక్కిన దినమున ఆ కారు హద్దు దాటుట ఎంత సులభమో చూడుడు. హిచ్ కొంత బరువును కారవాన్‌కు మరల్చును గాని, ఆ 23 కిలోలను నమ్ముకొని సామాను చేర్చరాదు.

తరువాత కారవాన్ లోపలి సర్దుబాటు. మా ఉదాహరణములోని కారవాన్ వెనుక అంచున, ఇరుసునకు 3 మీటర్ల దూరమున, 40 కిలోల సైకిళ్లు రెండు వ్రేలాడదీసిరనుకొందము. 40ని 3తో హెచ్చించి 5తో భాగించిన 24. ఆ సైకిళ్లు నొగను 24 కిలోలు పైకి లేపినవి. 240 కాస్త 216 అయినది. ఇరుసునకు ఒక మీటరు ముందున 90 లీటర్ల నీటితొట్టి ఉన్నచో, నిండినపుడు అది నొగపై 18 కిలోలు వేయుచుండెను. దారిలో నీరు వాడుకొనగా అదియు పోవును. నొగ బరువు 198కి దిగినది. ఉదయము సరిగానున్న బండి సాయంకాలమునకు ఊగుట మొదలిడుటకు ఇట్టి కారణములు చాలును.

బరువులను రెండు కొసలకు సమానముగా పంచిన సరిపోవునా? పోదు. కావడి మోసినవారిని అడుగుడు. కుండలు భుజమునకు దగ్గరగా నున్న కావడిని తేలికగా త్రిప్పవచ్చును. కొసలకు కట్టిన కావడి ఒకమారు తిరుగుట మొదలిడినచో దానిని ఆపుట కష్టము. కారవాన్ అంతియే. బరువైన వస్తువులు ఇరుసునకు దగ్గరగా, నేలకు దగ్గరగా ఉండవలెను. తేలికవానిని పై అరలలోను, కొసలలోను ఉంచవలెను. మన బండివాడు మొదటి బస్తాలను ఇరుసుపై వేయుట ఇందుకే.

పెద్ద లారీ ప్రక్కనుండి దూసుకొని పోయినపుడు, లేక అడ్డగాలి కొట్టినపుడు, ఊగులాట మొదలగును. వేగము హెచ్చినకొలది అది ఆరిపోక పెరుగుచు పోవును. కాలిఫోర్నియాలో బండి లాగు కార్లు గంటకు 55 మైళ్లు మించరాదనియు, పశ్చిమ ఆస్ట్రేలియాలో 100 కిలోమీటర్లు మించరాదనియు చట్టము విధించినది ఊరక కాదు. ఊగులాట వచ్చినపుడు కారు బ్రేకును గట్టిగా తొక్కరాదు. స్టీరింగును ఇటునటు త్రిప్పి సరిచేయబోరాదు. స్టీరింగును నిలకడగా పట్టి, యాక్సిలరేటరునుండి మెల్లగా కాలు తీయవలెను. కారవాన్ విద్యుత్ బ్రేకులకు కారులో చేతి మీట ఉన్నచో, కారవాన్ బ్రేకును మాత్రము వేయవలెను. అది వెనుకనుండి తాడు లాగినట్లు బండిని సాపు చేయును. ఆస్ట్రేలియాలో 2000 కిలోలకు మించిన కారవాన్‌కు అన్ని చక్రములకు బ్రేకులును, బండి విడిపోయిన తనంతట తానే బ్రేకు పడు ఏర్పాటును చట్టప్రకారము ఉండితీరవలెను.

తల్లిదండ్రులు అడుగదగినవి

బిడ్డలు పెద్దవారైరి, తోలుట వారికి తెలియును, మనకెందుకు అని ఊరకుండవలసిన పని లేదు. అడిగిన తప్పు లేదు. అడుగు పద్ధతి ప్రియముగా నుండిన చాలును. మేము ఐదు ప్రశ్నలు సూచించుచున్నాము.

1. నాయనా, సామాను సర్దిన తరువాత కారవాన్‌ను కాటాపై తూచితివా? నొగ బరువు ఎంత వచ్చినది?

2. మేమిద్దరము కూడ ఎక్కిన పిదప కారు హద్దులో ఇంకను ఎంత మిగిలినది?

3. ఈ హిచ్ వాడవచ్చునని కారు పుస్తకములో ఉన్నదా? ముందు భాగమును ఎంత దింపుమని ఉన్నది?

4. తగిలింపక ముందు, తగిలించిన తరువాత, కడ్డీలు కట్టిన తరువాత, మూడు కొలతలు వ్రాసి పెట్టితివా?

5. బండి ఊగినచో ఏమి చేయుదువు?

ఈ ఐదింటికి వెంటనే సమాధానము చెప్పు బిడ్డతో నిశ్చింతగా ప్రయాణము చేయవచ్చును. తడబడినచో ఒక పూట ఆలస్యమైనను సరే, కాటావరకు పోయివచ్చి బయలుదేరుట మంచిది. ఒక పూటలో పోవునది సెలవులో ఒక ముక్క మాత్రమే.

ఇంటనున్న చిన్నపిల్లలకును ఈ విషయమున ఒక పాఠము కలదు. తరగతిలో తులాదండము లెక్క వచ్చినపుడు ఇది పరీక్షకు మాత్రమే పనికివచ్చునని వారు తలతురు. ఒక గజముకొలబద్ద నడుమ పెన్సిలు పెట్టి, కొసల నాణెములు ఉంచి, మనము పైన చేసిన లెక్కలనే ఇంటిలో వారిచేత చేయింపుడు. నాణెమును ఆనికకు దగ్గరగా జరిపిన ఏమగునో, దూరముగా జరిపిన ఏమగునో వారే చెప్పుదురు. తెలుగున నేర్చిన లెక్క ఏ దేశపు రోడ్డుపైనను తప్పదు.

మన బండివాడు నొగను చేతితో ఎత్తి చూచిన తరువాతనే ఎద్దులను కట్టును. అతని బిడ్డల బిడ్డలు నేడు ఎద్దులను విడిచి కార్లు తోలుచున్నారు. బస్తాలకు బదులు ఇంటినే లాగుచున్నారు. సాధనములు మారినవి. నొగను ఎత్తి చూచి కదులు అలవాటు మాత్రము మారకుండుగాక యని కోరుచున్నాము.